రెండో దెబ్బ

మా తాత వేసిన కేసును మా నాన్న గెలిచిన రోజే మా దుకాణం మీద మొదటి రాయి పడింది.

అవి పసుపు ఆకు కోసే రోజులు. ఆర్మూర్ మార్కెట్ యార్డు ఎదురుగా మాది కమీషన్ దుకాణం. హైకోర్టులో మనమే గెలిచామని వకీలు ఫోన్ చేయగానే మా అన్న కౌశిక్ కారు నిండా పటాకులు వేసుకుని వేల్పూర్ రోడ్డున ఉన్న పల్లెకు పోయాడు. కేసు నడిచిన భూమి ఆ పల్లెదే. దాన్ని దున్నుకుంటున్న హన్మయ్య ఉండేదీ అక్కడే. అన్న సరిగ్గా ఆయన గడప ముందే పటాకుల లడీ అంటించి వచ్చాడు. పొద్దు గుంకక ముందే ఇద్దరు పడుచువాళ్లు మోటారు సైకిల్ మీద వచ్చి మా దుకాణంలోకి రాయి విసిరారు. కౌంటర్ అద్దం పగిలి ఒక పెంకు నాన్న కనుబొమ్మను చీల్చింది. నేను పెర్కిట్‌లో టీచరుగా చేసే స్కూలు అయిపోయాక అప్పుడే దుకాణానికి వచ్చాను. నాన్న ఒక చేత్తో తువ్వాలును నొసటికి అదిమిపట్టుకుని, రెండో చేత్తో అన్న దగ్గరున్న ఫోన్ లాక్కున్నాడు.

“పోలీసులు గీలీసులు ఒద్దు. నువ్వు జేసిన పనికి వాళ్లు జేసిండ్రు.”

ఆ భూమి తొమ్మిది ఎకరాలు. మా తాత దాన్ని దొర దగ్గర కొన్నాడు. అంతకు ముందు నుంచే హన్మయ్య తండ్రి దాన్ని కౌలుకు దున్నుతున్నాడు. దున్నేవాడికి చట్టం హక్కిచ్చిందని వాళ్లు, రిజిస్ట్రేషన్ మా పేరున ఉందని మేము. ఆర్మూర్ కోర్టులో మొదలైన కేసు నిజామాబాద్ పోయి, హైదరాబాద్ చేరేలోపల వేసినాయనా చనిపోయాడు, ఎదుర్కొన్నాయనా చనిపోయాడు. వాయిదాలు కొడుకుల పాలయ్యాయి. నాన్న, హన్మయ్య ఒకే బస్సులో కోర్టుకు పోయేవాళ్లు. ఇద్దరి వకీళ్లూ లోపల అరుచుకుంటుంటే వీళ్లిద్దరూ బయట ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు. వింత ఏమిటంటే, ఆ భూమిలో పండిన పసుపును హన్మయ్య ఏటేటా మా దుకాణానికే తెచ్చేవాడు. “కేసు కోర్టుల, తూకం దుకాణంల. రెంటినీ కలపొద్దు” అనేవాడు. నేను ఆయన్ను కాకా అని పిలిచేదాన్ని.

మర్నాడు పొద్దున్నే ఆయన వచ్చాడు. పగిలిన అద్దం చూశాడు. నాన్న నొసటి మీద కట్టు చూశాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“రాయేసినోడు మా తమ్ముని కొడుకే, సేటూ. రెండు చెంపలు వాయించిన. పోలీసు కేసు జెయ్యకు.”

“చెయ్యను. మావోడు చేసింది గుడ మంచిగ లేదు, హన్మన్నా.”

“ఇంట్ల మా కోడలు బాలింత. పటాకుల సప్పుడుకు పసిగుడ్డు జడుసుకున్నది. రాత్రంత ఒకటే ఏడుపు.” ఆయన గొంతు సవరించుకున్నాడు. “సరే, గదంత పోనీ. కోర్టు నీదన్నది. పెద్ద కోర్టుకు పోతమో పోమో మస్కట్‌ల ఉన్న నా కొడుకు చూసుకుంటడు. నాకంత తెలివి లేదు. భూమిల ఉన్న పంట మాత్రం నాది. గది తీసుకోనియ్యి.”

“ఉగాది దాంక నిన్ను ఎవ్వరు కదిలియ్యరు. మాటిస్తున్న” అని నాన్న చెయ్యి చాపాడు. హన్మయ్య ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. గోనె సంచుల పక్కన నిలబడి అన్న అదంతా విన్నాడు.

ఇంట్లో గొడవ ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర మొదలైంది.

“ఉగాది దాంకనా? గీలోపల వాళ్లు ఢిల్లీకి పోయి స్టే పట్టుకొస్తరు. ఇగ ఇంకో ముప్పై ఏండ్లు తిరుగుదామా?” అన్నాడు అన్న. “బైపాస్ పక్క భూమి అది. దోస్తులతోని ప్లాట్ల వెంచర్‌కు మాట్లాడిన. ఇయ్యాల రేపు అని వాళ్లు కూసున్నరు.”

“పంట ఎత్తుకునే దాంకనే గదరా.”

“పంట, పంట! మనది గాని భూమిల వాడు గిన్నేండ్లు పంట తీయలేదా? మన భూమిల మనం ఒక్క పంట తీస్కుంటే తప్పా?”

అమ్మ అన్న పక్కనే నిలబడింది. మా అమ్మ విద్యావతి గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాట్లాడింది. “మన పెండ్లైన మూడో రోజే నువ్వు వాయిదా అని బస్సెక్కినవ్. ” నా వైపు చెయ్యి చూపింది. “గీ మేఘన పుట్టినప్పుడు దవాఖానల నేను ఒక్కదాన్నే ఉన్న, నువ్వు హైదరాబాద్‌ల ఉన్నవ్. గా భూమి నా సవతి లెక్క నా కాపురంల కూసున్నది. ఇప్పుడు చేతికొచ్చింది. మల్ల జారిపోతే నేను చూడలేను.”

నాన్న “మాటిచ్చిన” అని మాత్రం అన్నాడు. అన్న ముందున్న కంచాన్ని ఎత్తి గోడకు కొట్టాడు. అది నా చెవి పక్క నుంచి పోయింది. పప్పు గోడ మీద నుంచి కారుతుంటే అందరం చూస్తూ కూర్చున్నాం. పదిహేను రోజులు ఇంట్లో అదే నడిచింది. తలుపులు దడేల్మనడం, అన్న అరవడం, అమ్మ ఏడవడం. చివరికి నాన్న అలసిపోయాడు. భూమి స్వాధీనం కోసం కోర్టులో అర్జీ పెట్టమని వకీలుకు చెప్పాడు. “స్వాధీనం కాయితం మీద తీసుకుందాం. పంట ముచ్చట వేరు. గది హన్మయ్యదే” అని అన్నతో మూడుసార్లు అన్నాడు. అన్న మూడుసార్లూ సరేనన్నాడు.

స్వాధీనం ఇప్పించే కోర్టు అమీను పోలీసు జీపుతో వచ్చిన రోజు నేను చేను దగ్గరకు పోలేదు. పోయినవాళ్లు చెప్పింది విన్నాను. హద్దురాళ్ల దగ్గర డప్పు కొట్టించి, ఈ భూమి ఇక మా నాన్న హరిప్రసాద్ సేటుదని చదివారట. హన్మయ్య భార్య నీలవ్వ గట్టు మీద కూర్చుని రెండు పిడికిళ్లతో మన్ను తీసి అమీను మీద చల్లిందట. కానిస్టేబుల్ ఆమెను చెయ్యి పట్టి ఈడ్చుకుపోతే గాజులు పగిలి మణికట్టు కోసుకుపోయిందట. అన్న స్వయంగా సుత్తె పట్టి మా పేరున్న బోర్డు పాతాడట. హన్మయ్య మాత్రం పెళ్లాన్ని పక్కకు తీసుకుపోయి మణికట్టుకు పసుపు అద్దాడని అన్నారు.

ఆ మర్నాడు పొద్దున నాన్న నా గదిలోకి వచ్చాడు. ముఖం పాలిపోయింది.

“కౌశిక్ ఫోన్ ఎత్తుతలేడు. ట్రాక్టర్ తీస్కొని, మనుషులను తీస్కొని చేన్లకు పోయిండంట. నేను పోతే ఇంకింత రెచ్చిపోతడు. నువ్వు పో బిడ్డా. నీ మాట ఇంటడు.”

చిన్నప్పుడు అన్న నా మాట వినేవాడు. ఎవరితోనైనా కలబడితే నేను పోయి చొక్కా పట్టుకుని లాగితే వచ్చేసేవాడు. ఆ ధైర్యంతోనే స్కూటీ తీశాను.

ఆకు కోసిన చేను బోడిగా ఉంది. సగం హన్మయ్య అప్పటికే తవ్వించుకున్నాడు. గట్టు పక్కన పొయ్యి మీద పసుపు ఉడికే డ్రమ్ములున్నాయి. పొగ, ఆవిరి, ఉడికిన పసుపు వాసన. మిగిలిన సగంలో ఏసయ్య ట్రాక్టర్ నడుపుతున్నాడు. పంటలు తవ్వడానికి ఊరూరా కిరాయికి తిరిగే మనిషి ఆయన. వెనక బిగించిన ఇనుప నాగలి పసుపును మట్టితో సహా పెకలిస్తుంటే, అన్న వెంట వచ్చిన ఆరేడుగురు దాన్ని తట్టలకెత్తి ట్రాలీలో పోస్తున్నారు. కూలివాళ్లు కారు వాళ్లు. వెంచర్ దోస్తులు తోలిన మనుషులు. మెడల్లో గొలుసులు, చేతుల్లో కర్రలు.

హన్మయ్య ట్రాక్టర్‌కు అడ్డంగా పడుకున్నాడు. ఏసయ్య బ్రేకు వేశాడు. అన్న మనుషులిద్దరు హన్మయ్యను కాళ్లు పట్టుకుని సాళ్లకు అడ్డంగా ఈడ్చారు. పంచె ఊడిపోయింది. తల మట్టి పెళ్లల మీద ఎగిరెగిరి పడింది.

“నా పంట! సేటు మాటిచ్చిండు! చేతిల చెయ్యేసిండు!”

“మాటిచ్చినోన్ని అడుగు పో” అంటూ అన్న ఆయన డొక్కలో తన్నాడు.

నేను బండి పడేసి పరుగెత్తాను. “అన్నా! నాన్న రమ్మంటుండు! అన్నా, ఆపు!” అరుస్తూనే ఉన్నాను. అన్న నా వైపు తిరగనైనా తిరగలేదు. మరో తన్ను తన్నాడు. అప్పుడు నీలవ్వ పొయ్యి దగ్గర వంగడం చూశాను. కట్టుకట్టిన చేత్తోనే బక్కెట డ్రమ్ములో ముంచింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆమె రెండడుగులు వేసి ఆ బక్కెట అన్న మీద కుమ్మరించింది.

అన్న అరిచిన అరుపు మనిషిది కాదు. మెడ, ఎడమ భుజం. చొక్కా లాగితే చర్మం చొక్కాతో వచ్చింది. వెంట వచ్చినవాళ్లు తట్టలు పారేసి దూరం జరిగారు. హన్మయ్య ఎట్లా లేచాడో లేచాడు. అన్న వైపు కాదు, నీలవ్వ వైపు పోయాడు. ఆమె చేతిలోంచి బక్కెట గుంజుకున్నాడు.

“ఎంత పని జేసినవే!” అన్నాడు.

ఆయన వీపు అన్న వైపుంది. సాలులో గుచ్చి ఉన్న గడ్డపారను అన్న ఊడబెరికి, వెనక నుంచి ఆయన తల మీద కొట్టాడు. హన్మయ్య మోకాళ్ల మీద పడి, పక్కకు ఒరిగిపోయాడు. బక్కెట దొర్లింది.

అన్న తలెత్తి నా వైపు చూశాడు. నన్ను చూశాడో లేదో ఇప్పటికీ చెప్పలేను. “వద్దన్నా” అన్నాను. ఆ మాట నాకే వినపడలేదు. అన్న గడ్డపారను రెండు చేతులతో పైకెత్తి, పడి ఉన్న మనిషిని మళ్లీ కొట్టాడు.

ఏసయ్య ఇంజన్ ఆపేశాడు. దూకి వచ్చి హన్మయ్య తలను ఒళ్లోకి తీసుకున్నాడు. ఆయన చేతుల నిండా పసుపు మన్ను, నెత్తురు. నీలవ్వ ఏడవలేదు. మొగుని పంచె తెచ్చి ఆయన మొల మీద కప్పింది.

నిజామాబాద్ దవాఖానకు పోయే దారిలోనే హన్మయ్య చనిపోయాడు.

దహనం రోజు పల్లె మొత్తం ఆర్మూర్‌కు కదిలి వచ్చింది. మా ఇంటి ముందు అన్న కారుకు నిప్పు పెట్టారు. దుకాణం షట్టరును గునపాలతో చీల్చి, కాంటాలను రోడ్డు మీదకు లాగి విరగ్గొట్టారు. అడ్డం పోయిన మా గుమాస్తా చెయ్యి విరిగింది. పోలీసులు లాఠీలతో తరుముతుంటే, మస్కట్ నుంచి దిగీ దిగగానే తండ్రికి కొరివి పెట్టి వచ్చిన హన్మయ్య కొడుకు గుండుతో, తడి బట్టలతో మా గేటు ముందు నిలబడి, నాన్న పేరు పెట్టి బయటకు రమ్మని పిలిచాడు. నాన్న పోబోయాడు. అమ్మ, నేను కలిసి ఆయన్ను పట్టి ఆపాం.

అన్న కాలిన గాయాలతో ఆసుపత్రిలో, పోలీసు కాపలాలో ఉన్నాడు. వకీలు వచ్చి ఎట్లా చెప్పాలో చెప్పాడు. మొదట సలసల కాగే నీళ్లు పోసింది నీలవ్వ. ఆ మంటకు తాళలేక కౌశిక్ కళ్లు మూసుకుని గడ్డపార ఒక్కసారి విసిరాడు. ముసలాయన పోయి డ్రమ్ము అంచు మీద పడ్డాడు. తల మీద రెండో గాయం డ్రమ్ముది. వెంట వచ్చినవాళ్లంతా అట్లాగే చెప్పారు. తల ఒళ్లో పెట్టుకున్న ఏసయ్య కూడా తాను ట్రాక్టర్ మీద అటు తిరిగి ఉన్నానని, ఏమీ చూడలేదని చెప్పాడు. నీలవ్వ మీద ప్రాణం తీయబోయిందని కేసు పెట్టారు.

“ఒక్క దెబ్బ కాదమ్మా” అన్నాను.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. “నువ్వు ఆడ లేవు. బడికి పోయినవ్.”

“నేను చూసిన. హన్మయ్య కాక పడిపోయినంక మల్ల కొట్టిండు.”

“ఎన్ని కొడితేంది? పోయినోడు పోయిండు. ఉన్నోడు నీ తోడబుట్టినోడు.”

“నీలవ్వను జైల్ల ఏస్తరమ్మా.”

అమ్మ నా జుట్టు పిడికిట పట్టుకుని తలను గోడకు కొట్టింది. ఆమె నన్ను కొట్టడం అదే మొదలు. తర్వాత చెంప మీద కొట్టింది. ఉంగరం తగిలి పెదవి చిట్లింది. తర్వాత తనే నేల మీద కూలబడి, తన ముఖం మీద తానే కొట్టుకుంది. “వాని మెడ చూసినవా? వాని మెడ చూసినవా నువ్వు?” అని అడిగిందే అడిగింది. చూశాను. రోజూ కట్లు మార్చేటప్పుడు అన్న దిండును కొరికి పట్టుకునేవాడు. అది చూసి బయటకు వచ్చి నేనూ ఏడ్చేదాన్ని. అందుకే నెల దాకా నోరు విప్పలేకపోయాను.

ఆ నెలలో అన్న దోస్తులు మిగిలిన పంటంతా తవ్వించారు. అప్పటికి స్వాధీనం మాది. పోలీసులు వచ్చి రాసుకుని పోయాక అడ్డు చెప్పేవాళ్లు లేరు. ఉడకబెట్టించి, ఎండించి, యార్డులో మా దుకాణం పేరు మీద కుప్ప పోయించారు. నాన్న వారించలేదు. నాన్న అప్పటికి దేన్నీ వారించడం మానేశాడు.

వేలం పాట మొదలైంది. వ్యాపారులు కుప్ప తర్వాత కుప్ప దగ్గర ఆగి, కొమ్ములు విరిచి చూసి, పాట పాడుకుంటూ వస్తున్నారు. మా కుప్ప దగ్గరకు వచ్చేసరికి ఎవరూ ఆగలేదు. చుట్టూ తిరిగి అవతలి కుప్పకు పోయారు. నాన్నతో ముప్పై ఏళ్లుగా వ్యాపారం చేసిన ప్రేమ్‌చంద్ సేట్ మాత్రం ఒక్క నిమిషం నిలబడి, తల వంచుకుని అన్నాడు. “పసుపును పెండ్లిల్లకు అమ్ముకునేటోళ్లం, హరన్నా. గీ కుప్పను నేను ముట్టలేను.”

నాన్న ఆ కుప్ప పక్కనే మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డాడు. తర్వాత హమాలీలను పిలిచి, “బస్తాలకెత్తుండ్రి” అన్నాడు. వ్యానెక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. ఎక్కడికని నేను అడగలేదు. పక్కన ఎక్కాను.

బెయిలు మీద బయటకు వచ్చిన నీలవ్వ తన ఇంటి ముందు మనవడికి స్నానం పోస్తోంది. వ్యాను చూసి లేవలేదు. చుట్టుపక్కల వాళ్లు కర్రలు పట్టుకుని వచ్చారు. ఆమె చెయ్యెత్తి వాళ్లను ఆపింది. నాన్న దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“నీ పంట, నీలవ్వా. మాటిచ్చిన గదా. తీస్కొచ్చిన.”

ఆమె పిల్లవాడి ఒళ్లు తుడుస్తూనే మాట్లాడింది. “గా మాట నా పెనిమిటికి ఇచ్చినవ్ సేటూ. ఆయన్నే అడిగి దించు.”

నాన్న వ్యానులోని బస్తాల వైపు తిరిగాడు.

“ఒక్క బస్తా గుడ దించకుండ్రి. నాకు పసుపెందుకు? నీళ్లు నేనే పోసిన. పోలీసోళ్లు అడిగితే అదే చెప్పిన. రేపు జైల్ల ఎయ్యమను, పోత. గని పడిపోయిన మనిషిని మల్ల ఎందుకు కొట్టిండని అడిగితే, అసలు కొట్టనే లేదంటుండ్రు. నా కండ్లతోని చూసిన్నని జెప్తే, నువ్వు పగతోని చెప్తున్నవంటుండ్రు. గంత మంది ఉన్నరు ఆడ. ఒక్కలు జెప్తలేరు.” అప్పుడు వ్యాను లోపలికి చూసింది. “నువ్వుంటివి గదా బిడ్డా. వద్దన్నా అంటివి. నాకు ఇనవడ్డది.”

నాకే వినపడని మాట ఆమెకు వినపడింది.

నేను తలుపు తీసుకుని దిగాను. ఆమె దగ్గరకు పోయి నిలబడ్డాను. “ఠాణాకు పోదాం, చిన్నమ్మా” అన్నాను. నాన్న నా వైపు చూశాడు. రమ్మని పిలుస్తాడేమో అనుకున్నాను. పిలవలేదు. వ్యానెక్కి, డ్రైవర్‌తో “పోనియ్యి” అన్నాడు.

ఆ రోజు నుంచి నేను ఆ ఇంటికి పోలేదు. నిజామాబాద్‌లో గది తీసుకున్నాను. అక్కడే ఒక స్కూల్లో టీచరుగా చేరాను. విచారణలో అన్న తరఫున మా వకీలు నన్ను ఒక పూటంతా నిలబెట్టాడు. ఆస్తిలో భాగం అడిగితే అన్న ఇవ్వనన్నాడా, అందుకే పగా అని అడిగాడు. కాదన్నాను. ఎన్ని దెబ్బలని అడిగాడు. రెండన్నాను. ఎట్లా లెక్కపెట్టావన్నాడు. రెండింటికీ లెక్కపెట్టాల్సిన పని లేదన్నాను. బోనులో అన్న తల వంచుకుని ఉన్నాడు. మెడ మీద చర్మం ముడుతలు పడి ఒక పక్కకు లాగేసింది. నీలవ్వ మీద కేసు కొట్టేశారు. అన్నకు పదేళ్లు పడింది. రెండో దెబ్బ లేకపోతే తక్కువతో పోయేదని వకీలు అమ్మతో అన్నాడట. భూమి మీద హన్మయ్య కొడుకు ఢిల్లీలోని పెద్ద కోర్టుకు పోయాడు. ఆ కేసు ఇంకా నడుస్తోంది. చేను పడావు పడి ఉంది. దున్నడానికి ఆ పల్లె నుంచి కాదు గదా, చుట్టుపక్కల ఏ ఊరి నుంచీ ఒక్కరు రారు.

జైలు నిజామాబాద్ అవతలే. అన్నను చూడ్డానికి ములాఖత్‌కు వచ్చే అమ్మ రెండేళ్లు నా గడప తొక్కలేదు. పోయిన నెల వచ్చింది. తలుపు తీస్తే లోపలికి వచ్చి, కుర్చీ ఉన్నా నేల మీద కూర్చుంది. మంచినీళ్లిస్తే తాగలేదు. గ్లాసు పక్కన పెట్టింది.

“వాడు నిన్ను అడిగిండు” అంది.

నేను గ్లాసును మళ్లీ ఆమె ముందుకు జరిపాను.

“ఇన్ని దినాలు నన్ను ఒక్క మాట గుడ అననియ్యలేదు గా ముచ్చట మీద. ఇయ్యాల వాడే ఎత్తిండు. ‘మొదటిది యాదికున్నదమ్మా. రెండోసారి కొట్టింది యాదికి లేదు. ఎంత తండ్లాడినా యాదికి వస్తలేదు. గని మేఘన జూసిన్నన్నదంటే కొట్టే ఉంట. అది అబద్ధం చెప్పదు’ అన్నడు.”

చెప్పడం అయిపోయాక అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. బస్సుకు ఇంకా టైముందా అని అడిగింది. ఉందన్నాను.

“అయితే జరంత అన్నం పెట్టు. పొద్దుగాల నుంచి ఏం తినలే” అంది.